మల్లన్న పొట్టేలు శాంపిలు

మా మెట్టుగూడ సందులో ఏసురత్నానికి రెండు పేర్లుండేవి. ఎదురుపడితే డాక్టరుగారు, అటు తిరిగితే పెంటికల రత్నం. మొదటిది ఆయన పెట్టుకున్నది, రెండోది మేం పెట్టింది. నిజానికి ఆయన డాక్టరు కాడు. మౌలాలి దాటాక ఉన్న ఒక పశువైద్య కార్యాలయంలో ల్యాబ్ టెక్నీషియను. గొర్రె పెంటికల్ని నీళ్ళలో కలిపి, వడకట్టి, ఆ నీటి బొట్టును గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపులో చూసి, అందులో నట్టల గుడ్లున్నాయో లేవో రాసివ్వడం ఆయన ఉద్యోగం. నట్టలంటే గొర్రె కడుపులో కాపురం పెట్టి దాని రక్తంతో బతికే పురుగులు. అవి ముదిరితే గొర్రె నీళ్ళ విరేచనాలతో పారుకుంటుంది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది, ఒకరోజు పొద్దున లేవదు.

కాబట్టి అది చిన్న ఉద్యోగమేమీ కాదు. చిన్నదని ఆయనే అనుకున్నాడు. ఆదివారం చర్చి బయట కొత్తవాళ్ళెవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "మెడికల్ లైనులో ఉన్నాను" అనేవాడు. ఇంకాస్త లోతుకు వెళ్తే "పరిశోధన" అనేవాడు. దేని మీద పరిశోధనో అడిగే లోపల పాటల పుస్తకం తెరిచేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే పంపు దగ్గర నిలబడి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటుంటే, ఆయన భార్య సువార్త లోపల్నుంచి "చర్మం కూడా కడిగేసుకుంటారా ఏంటి?" అని అరిచేది. ఆమె బోయిగూడలో చిన్నపిల్లల బడిలో టీచరు. గది నిండా పిల్లల్ని అదుపులో పెట్టే గొంతు అది. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే కాబట్టి ఈ కథలో నాకు తెలియనిది చాలా తక్కువ.

ఏసురత్నం తండ్రి గుంటూరు వైపు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. ఆ ఇంట్లో ఎవరైనా వస్తే మంచి కప్పులు బయటికి వచ్చేవి, అంచు విరిగినవి ఇంట్లోవాళ్ళకి మిగిలేవి. కొడుక్కి ఆ అలవాటు బాగా పట్టింది. ముందుగదిలో పూల పరదా, లోపలి గదిలో చిరిగిన దుప్పటి. ఉద్యోగంలో కూడా అంతే. ఆయన బల్ల మీద ఒక అందమైన పాత స్లైడు ఉండేది. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే మైక్రోస్కోపు కింద అదే పెట్టేవాడు. వచ్చినవాళ్ళు చూసి, తల ఊపి, టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆయనకి ఒక మాట ఉండేది. "స్లైడు అబద్ధం చెప్పదండీ. ఇన్నేళ్ళ సర్వీసులో నా రిపోర్టు ఒక్కటి వెనక్కి రాలేదు." శాంపిలు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు తీశారు అని మాత్రం ఎప్పుడూ అడిగేవాడు కాదు. సీసా బల్ల మీదికి వచ్చాకే తన పని మొదలవుతుందని, అంతకుముందు జరిగేదంతా మురికి పని అని ఆయన లెక్క.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో ఆయన దగ్గరికి బీరమ్మ వచ్చింది. పాలమూరు వైపు కురుమ మనిషి. ప్రతి ఏడూ ఉగాది దాటాక మందను తోలుకుని ఇంకొన్ని కుటుంబాలతో కలిసి ఇటు వచ్చేది. అప్పటికి మౌలాలి అవతల చెరువు కింద ఇంకా వరి పండేది. కోత అయిపోయిన చేలల్లో రాత్రిపూట గొర్రెల్ని పడుకోబెడితే ఎరువు పడుతుంది, దానికి రైతు గింజలు కొలుస్తాడు. దాన్ని మంద పెట్టడం అంటారు. తొలకరి పడగానే మళ్ళీ సొంత ఊరికి నడక. ఆ ఏడు చెరువు ఎండి, అంచున మాత్రమే పచ్చగడ్డి మిగిలింది. గొర్రెలన్నీ ఆ తడి గడ్డి మీద పడ్డాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే పారుకోవడం మొదలుపెట్టాయి.

"సారూ, దవడల కింద నీరు దిగుతున్నది. నట్టల మందు జెర ఇప్పియ్యున్రి. వానలు షురూ అయితే మేం నడువాలె. గిట్ల ఉంటే తొవ్వలనే సస్తయ్."

మందు ఉచితమే. ఆఫీసు గదిలో డబ్బాల నిండా ఉంది. కానీ రిపోర్టులో నట్టలున్నాయని వస్తేనే ఇవ్వాలని రూలు. ఏసురత్నం జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని రూలు చెప్పాడు.

"ముందు పెంటికల శాంపిలు తేవాలమ్మా. మట్టీ చెత్తా లేకుండా శుభ్రంగా తీసుకురా. ఇది గవర్నమెంటు ఆఫీసు, గుర్తుంచుకో."

బీరమ్మ గుర్తుంచుకుంది. మర్నాడు మోదుగాకులో చుట్టి తెచ్చింది. నల్లగా, నున్నగా, గట్టిగా, ఒకే సైజులో ఉన్న పెంటికలు. ఏసురత్నం మురిసిపోయాడు. అంత పద్ధతైన శాంపిలు ఆ ఆఫీసు ఎన్నడూ చూడలేదు. పారుకునే గొర్రె ఇంత గట్టి పెంటికలు ఎలా వేస్తుందని రైల్వేలో గుమాస్తాగిరీ చేసిన నాలాంటివాడికైనా అనుమానం వచ్చేది. ఆయనకి రాలేదు. చూశాడు, గుడ్డు లేదు, రాశాడు.

"నెగటివ్."

"అంటే ఏంది సారూ?"

"మందు రాదని."

అంతకంటే వివరించడం ఆయన హోదాకి తక్కువ. బీరమ్మ వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి పెంటికలు ఇంకా నిగనిగలాడుతున్నాయి, ఆకు కూడా కొత్తది. మళ్ళీ నెగటివ్. మూడోసారి ముత్యాల్లా ఏరి తెచ్చింది. ఏసురత్నం ఆ సాయంత్రం ఇంటికొచ్చి "చదువు లేకపోయినా శాంపిలు తీయడం ఆవిడ దగ్గర నేర్చుకోవాలి" అని సువార్తతో అన్నాడు. అవతల చెరువు కింద గొర్రెలు చస్తూనే ఉన్నాయి. స్లైడు అబద్ధం చెప్పదు కాబట్టి అవి వేరే ఏదో కారణంతో చస్తున్నాయని ఆయన తీర్మానించాడు.

ఆ రోజుల్లోనే ఆయన కడుపులో కూడా ఏదో తేడా చేసింది. తిన్నది ఒంటికి పట్టదు, పొద్దున్నే మెలిపెట్టే నొప్పి. చొక్కా కాలర్లో మెడ వదులుగా తిరగడం మొదలైంది. సువార్త చెయ్యి పట్టుకుని మిషన్ ఆస్పత్రికి లాక్కెళ్తే, డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, "రేపు మోషన్ టెస్టుకి ఇవ్వండి" అంది. అక్కడ వచ్చింది చిక్కు. ఆ ఆస్పత్రి ల్యాబులో కూర్చునేది జీవరాజు. చర్చి పాటల బృందంలో ఏసురత్నం పక్కనే నిలబడి, ఒకే పుస్తకంలో చూసి పాడే మనిషి.

"ఆదివారం నా పక్కన నిలబడి, వీడి కడుపులో ఏముందో నాకు తెలుసు అనుకుంటూ పాడతాడు. నావల్ల కాదు" అన్నాడు ఏసురత్నం. గోడ ఇవతల నేను తింటున్న అన్నం ఆపి విన్నాను.

"రోజూ ఊళ్ళో గొర్రెలన్నిటివీ మీరు చూడటం లేదా? వాటికి లేని సిగ్గు మీకెందుకండీ?"

"వాటికి చర్చి లేదు."

ఆ తర్వాత గొంతులు తగ్గాయి. చాలాసేపు బతిమాలుడు నడిచింది. చివరికి సువార్త ఇంటి పైకప్పు లేచిపోయేలా "నాది మీ పేరు మీద పంపుతారా! మీ నాన్నగారు హెడ్మాస్టరట!" అని అరవడం వినిపించింది. పంపారు. సీసా మీద ఏసురత్నం పేరు, సీసాలో సువార్త ఆరోగ్యం. రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. డాక్టరమ్మ టానిక్ రాసింది. టానిక్ ఆయన తాగాడు, బలం మాత్రం లోపలున్న ఇంకెవరికో చేరింది.

ఇటు ఆఫీసులో బీరమ్మ రిపోర్టులకు మంచి గిరాకీ వచ్చింది. ఆ ఆఫీసుకి పెద్ద డాక్టరు సదాశివ, మల్కాజిగిరి వైపు పాతకాపు, మంచివాడే కానీ కాగితం కనబడితే ఆగలేడు. చుట్టుపక్కల మందలన్నిట్లో నట్టలుంటే ఒక్క మందలో మూడుసార్లూ లేవని తేలింది. ఆ మందకు తన ఆఫీసు ఒక్క చుక్క మందు పోయలేదన్న సంగతి పక్కన పెట్టి, 'మా కృషి వల్ల నట్టలు లేని ఆదర్శ మంద' అని పైకి రాసేశాడు. పైనుంచి ఒక పెద్దాయన ఆ ఆదర్శ మందను చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది.

"ఏసురత్నం, నువ్వు సీనియర్ గ్రేడ్ కోసం ఎన్నేండ్ల నుంచి అడుగుతున్నవ్? ఈ విజిట్ మంచిగ అయితే పని అయినట్టే. ఒకసారి ఆడికి పోయి మందను తయారు చెయ్. ఫ్రెష్ శాంపిల్ కూడ తే" అన్నాడు సదాశివ.

అలా తన ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారి ఏసురత్నం ఒక మంద దగ్గరికి వెళ్ళాడు. తెల్ల చొక్కా, రుమాలు, పాలిష్ చేసిన బూట్లు. చెరువు కట్ట దిగేసరికి బూట్ల సంగతి మర్చిపోయాడు. గొర్రెలు ఎండలో తలలు వేలాడేసి నిలబడి ఉన్నాయి. వాటి తోకలు, వెనక కాళ్ళు పచ్చగా తడిసి అట్టలు కట్టాయి. దవడల కింద నీటి సంచులు. ఒక పక్క చచ్చిన గొర్రెకి ఇద్దరు మగవాళ్ళు తోలు తీస్తున్నారు. ఇంకో గొర్రె పడుకుని మెడ నేలకి ఆనించి, వచ్చిన మనిషిని కూడా చూడకుండా ఉంది.

బీరమ్మ కొంగు సర్దుకుని ఎదురొచ్చింది. "శాంపిలా సారూ? ఇప్పుడే తెస్త" అంది. ఆ జబ్బు గొర్రెలన్నిటినీ దాటుకుని గుడిసె దగ్గరికి నడిచింది. గుడిసె నీడలో గుంజకి కట్టి ఒక పొట్టేలు ఉంది. మెడలో గంట, నుదుటి మీద పసుపు, ఒంటి నిండా కండ. ముందర తట్టలో కందిపొట్టు, తౌడు. బీరమ్మ దాని కింద చేరి నల్లటి, నున్నటి పెంటికలు ఏరి మోదుగాకులో పెట్టసాగింది.

"ఇదేంటి?" అన్నాడు ఏసురత్నం.

"కొమురెల్లి మల్లన్నకు మొక్కిన పొట్టేలు సారూ. దీన్ని చెరువుకాడికి పోనియ్యం. గుంజకాన్నే మేపుతం."

"మూడుసార్లూ నువ్వు తెచ్చింది దీనివేనా?"

"మరి? ఇంక దేనివి తెస్త?"

ఏసురత్నం అరిచాడు. మోసమన్నాడు, గవర్నమెంటుని మోసం చేస్తే జైలన్నాడు, తన సర్వీసంతా మట్టిలో కలిపావన్నాడు. తోలు తీస్తున్నవాళ్ళు కత్తులు ఆపి చూశారు. బీరమ్మకి ముందు భయం వేసింది, తర్వాత కోపం వచ్చింది.

"మోసమేంది సారూ? పటేలు మందను చేన్ల పెట్టుమంటే ముందుగాల పెంట చూపియ్యుమంటడు. చేతిల నలిపి చూస్తడు. పారుకునే గొర్రెది చూపిస్తమా? మంచిదే చూపిస్తం. నాసిది చూపిస్తే గింజలిస్తడా? మీరు సర్కారోళ్ళు, పటేలు కన్న పెద్దోళ్ళు. పైంగ నువ్వే శుభ్రంగ తెమ్మన్నవ్. రాదు రాదు అంటివి. నేను తెచ్చింది నీకు నచ్చలేదనుకున్న. పొట్టేలుకు ఇంకింత తౌడు పెట్టిన. పిల్లలకు గంజి తక్కువ చేసి పెట్టిన సారూ."

ఏసురత్నం ఇంకో మాట అనడానికి నోరు తెరిచాడు. అదే క్షణంలో ఆయన కడుపు మెలిపెట్టింది. పొట్ట పట్టుకుని అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. తన పేరు రాసిన సీసా, అందులో ఉన్న సువార్త శాంపిలు గుర్తొచ్చాయి. ఈ నిరక్షరాస్యురాలు మోసం చేసిందని అరిచిన మనిషి, అన్నీ తెలిసి అదే పని చేసి వచ్చాడు. ఆమెకి కనీసం ఒక కారణముంది, తనకి కాలరు నలగకూడదన్న పట్టింపు తప్ప ఏ కారణమూ లేదు. ఆయనకి చాలా సిగ్గేసింది. ఈ మాట తర్వాత సువార్తతో చెప్పి ఏడ్చాడు కూడా.

ఆ రోజు ఆయన రుమాలు జేబులో పెట్టేసి, చేతులు పైకి మడిచి, ఆ పచ్చటి తోకల వెనక తనే తిరిగాడు. తడిగా ఉన్నవి, జిగటగా ఉన్నవి, బీరమ్మ "అవ్వి వద్దు సారూ, మంచిగలేవు" అని చెయ్యి అడ్డం పెట్టినవి, అన్నీ తీశాడు. ఆఫీసుకొచ్చి స్లైడు వేస్తే చూపు ఆనిన చోటల్లా గుడ్లే.

సదాశివ విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"నువ్వే గద రాసినవ్ నెగటివ్ అని? నేను పైకి రాసిన. ఇప్పుడు ఉన్నయంటే నా పరేషాన్ ఎవడు తీరుస్తడు? విజిట్ కానియ్. ఆ పొట్టేలు స్లైడే పెట్టు. మందు సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే వానలు పడతాయండీ. వాళ్ళు వెళ్ళిపోతారు. దారిలో చచ్చిపోతాయి."

"సీనియర్ గ్రేడ్ వద్దా నీకు?"

ఏసురత్నం వద్దనలేదు. అంత ధైర్యం ఎక్కడిది? తలూపి బయటికొచ్చాడు. కానీ పెద్దాయన వచ్చిన రోజు మైక్రోస్కోపు కింద పొట్టేలు స్లైడు తీసేసి, మెడ వాల్చేసిన గొర్రె స్లైడు పెట్టాడు. నోటితో చెప్పక్కర్లేదు, స్లైడే చెబుతుందని ఆశ. ఎండలో చెరువు దాకా ఎందుకని ఆఫీసులోనే ఆగిన పెద్దాయన ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచుకు తిని, చేతులు తుడుచుకుని, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపే చూశాడు.

"ఎక్సలెంట్! ఎంత క్లీన్‌గా ఉంది! ఇదీ ఆదర్శ మందంటే."

సదాశివ చప్పట్లు కొట్టాడు. గదిలో ఉన్న మిగతావాళ్ళు కూడా కొట్టారు. స్లైడు అబద్ధం చెప్పదు, నిజమే. అయితే చూసే పెద్దాయన మైక్రోస్కోపు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో స్లైడుకి తెలియదు. ఏసురత్నం గోడకి ఆనుకున్నాడు. ఊరుకుంటే గ్రేడు వస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. పెద్దాయన అప్పటికే జీపు వైపు అడుగేశాడు.

"సార్" అన్నాడు ఏసురత్నం. "అందులో కోడిగుడ్డు ఆకారంలో ఉన్నవన్నీ నట్టల గుడ్లండీ. మంద నిండా ఉన్నాయి. గొర్రెలు చస్తున్నాయి. మొదట నేనిచ్చిన రిపోర్టులన్నీ తప్పు."

పెద్దాయన వెనక్కి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, మళ్ళీ వంగి చూశాడు. లేచి గంభీరంగా అన్నాడు.

"నాకు తెలుసు. మీకు తెలుసో లేదో అని చూశాను."

పెద్దవాళ్ళు పెద్దవాళ్ళెలా అవుతారో ఆ రోజు ఆ ఆఫీసుకి తెలిసింది. మందు ఆ సాయంత్రమే ఇమ్మని ఆర్డరు వేశాడు. జబ్బు జాడ సకాలంలో పట్టుకున్నందుకు సదాశివకి ప్రశంస. తప్పుడు రిపోర్టులిచ్చినందుకు ఏసురత్నానికి మెమో. సీనియర్ గ్రేడు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మందు డబ్బా తనే మోసుకెళ్ళాడు. బీరమ్మ ఒక్కో గొర్రె మూతి పైకెత్తి పట్టుకుంటే వెదురు గొట్టంతో పోశాడు. మొట్టమొదట ఆమె దేన్ని లాక్కొచ్చిందనుకున్నారు? మల్లన్న పొట్టేల్ని.

"దీనికి అక్కర్లేదమ్మా!"

"దీనికి పొయ్యకుంటే దేవునికి ఏం మొకం చూపిస్త సారూ? ముందుగాల దీనికే."

ఆయన వాదించకుండా పోశాడు. అన్నీ అయ్యాక చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయి గట్టు మీద కూర్చుని, మెల్లగా అడిగాడు.

"మొదటిసారి నువ్వు వచ్చిన రోజు నుంచి ఇప్పటిదాకా ఎన్ని పోయాయమ్మా?"

బీరమ్మ మంద వైపు చూసింది. "పోయినయ్. లెక్క చెప్తే నువ్వేం జేస్తవ్ సారూ? నీకు నిద్ర పట్టదు, నాకు గొర్రె రాదు." ఆయన దగ్గరికి వచ్చి, గొర్రెను చూసినట్టే బొటనవేలితో ఆయన కింది రెప్ప లాగి చూసింది. "నీ కండ్లు సుత తెల్లగున్నయ్. నువ్వు సుత చూపించుకో. నా లెక్క మంచిది ఏరుకపోకు సారూ, నీదే చూపించుకో."

మర్నాడు పొద్దున ఆస్పత్రి ల్యాబు కిటికీ ముందు మనుషులు వరసలో నిలబడి ఉన్నారు. సగం మంది మా చర్చివాళ్ళే. మోకాలి నొప్పికి నేనూ అక్కడే ఉన్నాను. జీవరాజు సీసా అందుకుని, దాని మీద పేరు చదివి, కళ్ళజోడు మీది నుంచి ఏసురత్నాన్ని చూశాడు.

"పోయినసారి సువార్తక్కది పంపావు కదన్నా? ఆ సీసా మీద పేరు కూడా ఆవిడ చేతిరాతే. ఇది నిజంగా నీదేనా?"

వరసలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. ఏసురత్నం కాలరు సర్దుకోలేదు, రుమాలు తీయలేదు. పాటల బృందంలో చివరి చరణం అందుకునే గొంతుతో, వరసలో ఆఖరి మనిషికి కూడా వినపడేలా "నాదే" అన్నాడు.